నవోదయ ఆరో తరగతి పరీక్ష కోసం పాపను ఊరి బడి మాన్పించి పట్నం హాస్టల్‌లో పెట్టమంటున్నారు, ఏం చేయమంటారు?

సిరిసిల్ల_తండ్రి

మా అమ్మాయి మా ఊళ్లోని మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఈ జూన్‌లో ఐదో తరగతికి వచ్చింది. మాకు చిన్న కిరాణా దుకాణం ఉంది. సరుకుల చీటీ చూసి నేను కాలిక్యులేటర్ అందుకునేలోపే అమ్మాయి మొత్తం చెప్పేస్తుంది. వాళ్ల సార్ అది గమనించి, ఆరో తరగతి నుంచి హాస్టల్‌లో ఉంచి చదివించే కేంద్ర ప్రభుత్వ బడి అయిన నవోదయ పరీక్ష రాయించమన్నారు.

సలహా అడుగుదామని కరీంనగర్‌లోని ఒక కోచింగ్ సంస్థకు తీసుకువెళ్లాను. అక్కడ ఒక పాత ప్రశ్నపత్రం రాయించారు. లెక్కల్లో 20కి 14, భాషలో 20కి 15 సరిపోయాయి కానీ బొమ్మల ప్రశ్నల్లో 40కి 13 మాత్రమే వచ్చాయి. ఆ 13 చూసి వాళ్లు నెలాఖరులోగా ఊరి బడి నుంచి టీసీ తెచ్చుకోవాలని, తమకు తెలిసిన పట్నం బడిలో పేరు రాయించి తమ హాస్టల్‌లోనే ఉంచుతామని, అందుకు 60 వేలు అవుతుందని చెప్పారు. ఇంటి దగ్గర ఉంటే ఈ బొమ్మలు జన్మలో రావని పాప ఎదుటే అన్నారు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి పడుకునే ముందు మాత్రం, "నాన్నా, నాకు తెలివి తక్కువా?" అని అడిగింది. ఆ మాటకు నాకు నిద్ర పట్టలేదు.

ఈ పరీక్ష ఒక్కసారే రాయనిస్తారట కదా. అప్పు చేసైనా చేర్పించాలా, ఇంట్లోనే చదివించే దారి ఏదైనా ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

లెక్కల_పంతులమ్మ

మిగతా విషయాలు తర్వాత మాట్లాడుకుందాం. ముందు టీసీ మాత్రం తీసుకోకండి. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంత పిల్లలకే. ఆ కోటా కింద రావాలంటే 3, 4, 5 తరగతులు మూడూ గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు ఉన్న బడిలోనే పూర్తిగా చదివి ఉండాలి. ఈ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణ ప్రాంతపు బడిలో చదివినా ఆ పిల్లను పట్టణ అభ్యర్థిగానే లెక్కిస్తారు. మీ అమ్మాయికి ఇప్పుడు చేతిలో ఉన్న పెద్ద బలం మీ ఊరి బడే, దాన్ని 60 వేలు పోసి పోగొట్టుకోవలసిన పని లేదు.

మున్నేటి_ఒడ్డు

పంతులమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా బంధువుల అబ్బాయిని నాలుగో తరగతిలో కొన్ని నెలలు ఖమ్మంలో చదివించి మళ్లీ ఊరికి తెచ్చారు. దరఖాస్తు సమయంలో ఆ సంగతి బయటపడి పట్టణ కోటాలో పోటీ పడవలసి వచ్చింది.

సిరిసిల్ల_తండ్రి

ఈ నియమం అక్కడ ఎవరూ చెప్పలేదమ్మా. చెప్పి ఉంటే టీసీ మాట వినగానే లేచి వచ్చేవాడిని. మాకు సొంత జిల్లాలో నవోదయ లేదు కాబట్టి ఏ బడికి రాయాలన్నది కూడా నాకు స్పష్టంగా తెలియదు.

చొప్పదండి_పూర్వ_విద్యార్థి

కొత్త జిల్లాకు సొంతంగా నవోదయ రానంతవరకు పాత జిల్లా సరిహద్దులే లెక్క. మీరు ఉమ్మడి కరీంనగర్ కిందికి వస్తారు కాబట్టి మీ బడి చొప్పదండి. కేంద్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో దేశం మొత్తం మీద 28 కొత్త నవోదయలను ఆమోదించినప్పుడు తెలంగాణకు 7 వచ్చాయి, వాటిలో జగిత్యాల ఉంది కానీ సిరిసిల్ల లేదు. అయినా దరఖాస్తు నింపేటప్పుడు జిల్లా పేరు దగ్గర ఏమి చూపిస్తుందో ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి.

నేను అక్కడే ఏడేళ్లు చదివాను. మా నాన్న బీడీ ఆకు కల్లంలో పని చేసేవారు. ఆ బడి లేకపోతే నా చదువు పదో తరగతితో ఆగిపోయేది. అందుకే ఈ పరీక్ష గురించి ఎవరు అడిగినా నేను నిద్ర మానుకునైనా జవాబు రాస్తాను.

పెద్దాపురం_అమ్మ

కోచింగ్ అంటేనే దండగ అనే ధోరణిలో చర్చ వెళ్లేలా ఉంది కాబట్టి నా మాట కూడా చెబుతాను. మా అబ్బాయి కోచింగ్‌తోనే సీటు సంపాదించాడు. అయితే హాస్టల్‌లో పెట్టలేదు, ఊరి బడి మాన్పించలేదు. సాయంత్రం బడి వదిలాక పక్క ఊళ్లో ఒక రిటైర్డ్ మాస్టారు నడిపే తరగతికి రోజూ గంటన్నర సైకిల్ మీద వెళ్లి వచ్చేవాడు. నేను చదువుకున్నది ఏడో తరగతి వరకే, మా ఆయన లారీ మీద ఉంటారు. ఇంట్లో చెప్పేవారు లేని మాలాంటి వాళ్లకు బయటి సాయం తప్పదు. మీ ఇంట్లో కూర్చోబెట్టి చెప్పే తీరిక ఎవరికైనా ఉందా అన్నది ముందు చూసుకోండి, ఆ తర్వాత నిర్ణయించుకోండి.

లెక్కల_పంతులమ్మ

పెద్దాపురం అమ్మ గారూ, మీరు చేసిన దాంట్లో తప్పు పట్టవలసింది ఏమీ లేదు, నిజానికి అదే సరైన పద్ధతి. నా అభ్యంతరం పదేళ్ల పిల్లను ఇల్లూ బడీ వదిలించి గదిలో పెట్టి రోజుకు పన్నెండు గంటలు బిట్లు చేయించే పద్ధతి మీద. ఇరవై రెండేళ్లుగా ప్రాథమిక తరగతులకు చెబుతున్నాను. మా బడి నుంచి నవోదయకు వెళ్లిన పిల్లలు తొమ్మిది మంది, వారిలో ఒక్కరు కూడా బడి మాని చదివినవారు కారు.

పరీక్ష స్వరూపం తెలియనివారి కోసం చెబుతున్నాను. ప్రశ్నలు 80, మార్కులు 100, సమయం 2 గంటలు. బొమ్మలతో ఉండే మానసిక సామర్థ్య విభాగంలో 40 ప్రశ్నలకు 50 మార్కులు, అంకగణితంలో 20 ప్రశ్నలకు 25, భాషలో 20 ప్రశ్నలకు 25. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. మూడు విభాగాల్లోనూ విడివిడిగా అర్హత పొందాలి కాబట్టి ఒకదాన్ని గాలికి వదిలేసి మిగతా రెండింటితో గట్టెక్కే వీలు లేదు.

సగం మార్కులు బొమ్మలకే కదా. మీ అమ్మాయికి 13 వచ్చాయంటే దాని అర్థం తెలివి తక్కువని కాదు, అలాంటి ప్రశ్నలను ఆ రోజే మొదటిసారి చూసిందని. బడి పుస్తకాల్లో అవి ఎక్కడా ఉండవు. ఏ పిల్లకైనా మొదటిసారి అంతే వస్తుంది, నెల రోజుల అలవాటుతో అన్నిటికంటే వేగంగా పెరిగేది కూడా ఆ విభాగమే. ఈ మాట మీరు ఈ రాత్రే ఆ పిల్లకు చెప్పండి.

టెక్సాస్_గోదావరి

మేముండేది అమెరికాలో అయినా ఇది చదువుతుంటే మా ఇంటి సంగతే గుర్తుకు వచ్చింది. ఇక్కడ మా అబ్బాయి బడిలో గిఫ్టెడ్ తరగతుల ఎంపికకు కాగ్యాట్ అనే పరీక్ష పెట్టారు. అందులోనూ మాటలు, సంఖ్యలు, బొమ్మలు అని మూడు భాగాలు, బొమ్మల భాగంలో కాగితం మడత ప్రశ్నలూ ఉన్నాయి. మావాడు మొదట వాటి ముందు బిక్కముఖం వేశాడు. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు పాత పేపర్లతో పడవలు, టోపీలు, కత్తిరించిన తోరణాలు చేయించారు. తోరణాలు కత్తిరించడం నేర్చుకున్న పిల్లవాడికి ఆ ప్రశ్నలు ఆటగా మారాయి.

ముగ్గుల_అత్తయ్య

టెక్సాస్ అమ్మాయి తోరణాలు అంది కాబట్టి నేను ముగ్గు సంగతి చెబుతాను. వాకిట్లో చుక్కలు పెట్టి మూడు వంతుల ముగ్గు నేను వేసి, నాలుగో వంతు మా మనవరాలిని పూర్తి చేయమనేదాన్ని. బొమ్మలో ఒక మూల ఖాళీగా ఉంచి అక్కడ ఏ ముక్క పడుతుందని అడిగే ప్రశ్న అచ్చంగా ఇదే కదా. మెలికల ముగ్గులో గీత ఎటు తిరిగి ఎక్కడ కలుస్తుందో పట్టుకోగలిగిన పిల్లకు పరీక్షలో ఆ గీతలు భయం పుట్టించవు.

లెక్కల_పంతులమ్మ

అత్తయ్య గారూ, ఇది నేను రేపే మా తరగతిలో చేయిస్తాను.

సిరిసిల్ల_తండ్రి

పాపకు పంతులమ్మ గారి మాట చదివి వినిపించాను. "మొదటిసారి అందరికీ అంతేనట" అని వాళ్ల అమ్మకు తనే వెళ్లి చెప్పింది. దుకాణం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఖాళీగా ఉంటుంది కాబట్టి సెలవు రోజుల్లో అప్పుడు, బడి ఉన్న రోజుల్లో రాత్రి ఎనిమిది తర్వాత ఒక గంట కూర్చోగలను. నేను ఇంటర్ వరకు చదివాను కాబట్టి లెక్కలు చెప్పగలను కానీ బొమ్మలు ఎలా చెప్పాలో నాకే తెలియదు. ముఖ్యంగా కాగితాన్ని మడిచి రంధ్రం చేసే ప్రశ్నలు, అద్దం ప్రశ్నలు మా ఇద్దరికీ కొరకరాని కొయ్యగా ఉన్నాయి.

లెక్కల_పంతులమ్మ

పుస్తకం మూసి ఒక చదరపు కాగితం చేతికి ఇవ్వండి. దాన్ని ఎడమ నుంచి కుడికి సగానికి మడిచి, మళ్లీ పై నుంచి కిందికి సగానికి మడవమనండి. ఇప్పుడు నాలుగు పొరల చిన్న చదరం వస్తుంది. దాని నడిమధ్యన పెన్సిల్ మొనతో ఒక రంధ్రం చేయించి, విప్పే ముందు "ఎన్ని రంధ్రాలు ఉంటాయి, ఎక్కడెక్కడ ఉంటాయి" అని అడిగి, మరో కాగితం మీద ఊహించి గీయమనండి. ఆ తర్వాతే విప్పాలి. నాలుగు రంధ్రాలు కనబడతాయి.

రెండో రోజు అదే మడతలో మూలలు కత్తిరించండి. మడతలు రెండూ కలిసే మూలను కత్తిరిస్తే విప్పినప్పుడు కాగితం నడుమ ఒకే ఒక రంధ్రం ఉంటుంది. దానికి ఎదురుగా పొరలు విడిగా ఉన్న మూలను కత్తిరిస్తే కాగితం నాలుగు మూలలూ తెగి ఉంటాయి. ఈ తేడా చూసినప్పుడు పిల్లల కళ్లు ఎలా పెద్దవి అవుతాయో మీరే చూస్తారు. వారం రోజులు చేత్తో చేస్తే తర్వాత కాగితం లేకుండానే బుర్రలో విప్పగలుగుతుంది. చివరికి కాగితంతో పని ఉండకూడదు, పరీక్ష గదిలో మడవడానికి కాగితం ఉండదు కదా.

అద్దం ప్రశ్నలకు మీరు గడ్డం గీసుకునే అద్దం చాలు. బొమ్మ పక్కన నిలువుగా గీసిన గీత మీద అద్దం నిలబెట్టి చూడమనండి. కుడి ఎడమలు మారుతాయి, పైన ఉన్నది పైనే, కింద ఉన్నది కిందే ఉంటుంది. గోడ గడియారాన్ని కూడా వాడుకోండి. మూడు గంటల ఇరవై నిమిషాలు చూపే గడియారం అద్దంలో ఎనిమిది నలభైలా కనిపిస్తుంది. అంకెలు లేని గడియారమైతే మరీ మంచిది.

పెద్దాపురం_అమ్మ

గడియారం కిటుకు మా మాస్టారు కూడా చెప్పారు. 11 గంటల 60 నిమిషాల్లోంచి తీసివేస్తే జవాబు వస్తుందని మా వాడు బట్టీ పట్టాడు. అలా నేర్పితే తప్పా?

లెక్కల_పంతులమ్మ

తప్పు కాదు, కానీ ముందు అద్దంలో చూసి ఆశ్చర్యపోయిన పిల్ల ఆ సూత్రాన్ని మరచిపోయినా జవాబు చెప్పగలుగుతుంది. సూత్రం మాత్రమే తెలిసిన పిల్ల గడియారానికి బదులు బాణం గుర్తు ఇస్తే ఆగిపోతుంది.

చొప్పదండి_పూర్వ_విద్యార్థి

బొమ్మల విభాగంలో పది రకాలు ఉంటాయి, ఒక్కో రకంలో నాలుగేసి ప్రశ్నలు. నాలుగు బొమ్మల్లో భిన్నంగా ఉన్నదాన్ని గుర్తించడం, అచ్చంగా అలాంటిదే వెతకడం, ఖాళీ మూల పూర్తి చేయడం, వరుసలో తర్వాతి బొమ్మ, రెండు బొమ్మల మధ్య సంబంధాన్ని మరో రెండింటికి అన్వయించడం, ముక్కను చేర్చి వృత్తాన్నో చదరాన్నో పూర్తి చేయడం, అద్దం, మడతలు, ముక్కలన్నీ కలిపితే వచ్చే ఆకారం, పెద్ద బొమ్మలో దాగిన చిన్న బొమ్మ. రోజుకు ఒకే రకం పట్టుకుంటే పది రోజుల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. రెండో చుట్టులో ఏ రకం దగ్గర పాప తడబడుతోందో మీకే తెలుస్తుంది. పదింటినీ కలగలిపి తొలి వారంలోనే చేయించడం వల్ల పిల్లలు గందరగోళపడతారు.

కొత్త_సభ్యురాలు_కర్నూలు

మాది బనవాసి నవోదయ పరిధి. మా బాబుది ప్రభుత్వ బడే అయినా ఇంగ్లీషు మాధ్యమం. పరీక్ష ఏ భాషలో రాయించాలన్నది మా ఇంట్లో పెద్ద తగవుగా మారింది. ఇంగ్లీషులో రాస్తేనే తర్వాత పనికొస్తుందని మా తమ్ముడు అంటాడు.

మున్నేటి_ఒడ్డు

తెలుగులోనే రాయించండి. భాష విభాగంలో పేరాలు చదివి జవాబులు గుర్తించాలి. మాట్లాడే భాషలో ఉన్న పేరాను పిల్లవాడు ఒక్కసారి చదివితే అర్థమవుతుంది, ఇంగ్లీషులో అయితే మూడుసార్లు చదవాలి.

లెక్కల_పంతులమ్మ

అంత తేలికగా తేల్చలేమని నా అనుభవం. భాష విభాగం తెలుగులో సులువే, ఒప్పుకుంటాను. కానీ ఎంచుకున్న భాషలోనే లెక్కలు కూడా వస్తాయి. ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన పిల్లకు ఎల్‌సీఎం తెలుస్తుంది కానీ క.సా.గు. అంటే తెలియదు, పెరిమీటర్ తెలుస్తుంది కానీ చుట్టుకొలత అంటే బిత్తరపోతుంది. గత సంవత్సరం మా బడిలో ఒక పిల్లవాడు "లవం, హారం" అన్న మాటల దగ్గరే ఆగిపోయాడు, లెక్క మాత్రం అతనికి వచ్చినదే. అందుచేత ఒక పాత ప్రశ్నపత్రాన్ని రెండు భాషల్లోనూ వేర్వేరు వారాల్లో రాయించి, ఎందులో ఎక్కువ వస్తే అందులో దరఖాస్తు చేయండి. తెలుగు ఎంచుకుంటే లెక్కల మాటలు ఒక నలభై ఉంటాయి, వాటిని ఒక చార్టు మీద రాసి గోడకు అంటించండి. దరఖాస్తుల గడువు ముగిశాక సవరణలకు కొద్ది రోజులు ఇస్తారు, అవి దాటితే భాష మార్చడం కుదరదు.

కొత్త_సభ్యురాలు_కర్నూలు

పెద్దవాళ్లు వాదించుకునే బదులు పిల్లవాడి చేత రాయించి చూడాలన్న ఆలోచన మాకు తట్టలేదు. ఈ ఆదివారమే మొదలుపెడతాం.

మున్నేటి_ఒడ్డు

ఇప్పటివరకు ఎవరూ చెప్పని ఒక విషయం నేను బాధతో చెబుతున్నాను. మా పెద్దవాడు పాలేరు నవోదయ కోసం రాశాడు. ఇంట్లో రాసిన ప్రతి పేపర్లోనూ 80కి 70 పైనే వచ్చేవి. పరీక్షలో 31వ ప్రశ్న కష్టంగా ఉందని వదిలి 32కి వెళ్లాడు, కానీ జవాబుల సున్నాలు నింపే ఓఎంఆర్ పత్రంలో మాత్రం 31వ వరుసలోనే సున్నా నింపాడు. అలా ఒక్కో వరుస పైకి జరిగిపోతూ 58వ ప్రశ్న దగ్గర గమనించాడు. బాల్‌పెన్నుతో నింపినది చెరపడానికి లేదు. బయటికి వచ్చి నన్ను చూడగానే ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. తప్పు వాడిది కాదు, నాది. ఇంట్లో అన్ని పేపర్లూ జవాబు పక్కన టిక్కు పెట్టించి రాయించాను కానీ ఓఎంఆర్ మీద ఒక్కసారి కూడా రాయించలేదు.

కాబట్టి మొదటి రోజు నుంచే జిరాక్స్ తీయించిన ఓఎంఆర్ మీద, నీలం లేదా నలుపు బాల్‌పెన్నుతోనే రాయించండి. ఒక ప్రశ్న వదిలేస్తే ప్రశ్నపత్రంలో దాని చుట్టూ గుండ్రంగా గీత గీయాలి, ప్రతి పది ప్రశ్నలకు ఒకసారి ప్రశ్న సంఖ్యా వరుస సంఖ్యా సరిపోయాయా అని వేలు పెట్టి చూసుకోవాలి. మా చిన్నమ్మాయికి ఈ రెండూ అలవాటు చేశాను, ఆమెకు సీటు వచ్చింది.

చొప్పదండి_పూర్వ_విద్యార్థి

అన్నా, మీ పెద్దబ్బాయి ఇప్పుడు ఏం చదువుతున్నాడు?

మున్నేటి_ఒడ్డు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చేరాడు, అక్కడ ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ప్రతిభా పరీక్ష రాసి ఉపకార వేతనానికి ఎంపికయ్యాడు. ఆ పరీక్షలో 90 ప్రశ్నలు మానసిక సామర్థ్యానివే. నవోదయ కోసం నేర్చుకున్న బొమ్మలు, వరుసలు అక్కడ అక్కరకు వచ్చాయి. ఏడాదికి 12 వేల చొప్పున ఇంటర్ వరకు వస్తుంది.

చొప్పదండి_పూర్వ_విద్యార్థి

సంతోషం. సిరిసిల్ల అన్నకు ఒక మాట. ఆరో తరగతి పరీక్ష రెండోసారి రాయనివ్వరన్నది నిజమే, ఐదో తరగతి మళ్లీ చదివించి రాయించడమూ కుదరదు. కానీ ఖాళీలు ఉంటే తొమ్మిదో తరగతిలో చేరడానికి వేరే పరీక్ష ఉంది. దానిలో గణితం 35, సైన్సు 35, ఇంగ్లీషు 15, హిందీ 15 మార్కులకు వస్తాయి. కాబట్టి ఇదే చివరి అవకాశమన్న మాట పాప ముందు ఎవరినీ అననివ్వకండి.

పెద్దాపురం_అమ్మ

లెక్కల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మా వాడికి లెక్కలు వచ్చు, కానీ నిదానం. మీ అమ్మాయికి 14 వచ్చాయంటే ఆ 6 ఎక్కడ పోయాయో చూశారా? తెలియక పోయాయా, సమయం చాలక పోయాయా?

సిరిసిల్ల_తండ్రి

మంచి ప్రశ్న అడిగారమ్మా. నిన్న ఆ పేపరు మళ్లీ ముందు పెట్టుకున్నాం. రెండు దశాంశాల గుణకారంలో పోయాయి, ఒకటి సమయం, దూరం లెక్క. మిగతా మూడింటికి సమయం చాలలేదు. ప్రతి లెక్కనూ బడిలో రాసినట్టు దత్తాంశం, సూత్రం, సాధన అని మొత్తం రాస్తోంది.

లెక్కల_పంతులమ్మ

ఆ అలవాటు మంచిది, పోగొట్టకండి. దానికి తోడు మరో అలవాటు నేర్పండి. ఉదాహరణకు 398ని 51తో గుణించమన్నారు, జవాబులుగా 20,298, 20,294, 18,298, 2,298 ఇచ్చారనుకుందాం. పెన్ను పెట్టక ముందే 8ని 1తో గుణిస్తే చివరి అంకె 8 రావాలి కాబట్టి 20,294 పోతుంది. 400ని 50తో గుణిస్తే 20,000 కాబట్టి జవాబు ఆ దరిదాపుల్లోనే ఉండాలి, మిగిలిన రెండూ పోతాయి. పది సెకన్లలో 20,298 తేలుతుంది. దుకాణంలో నోటి లెక్క కట్టే పిల్లకు ఈ చూపు ఇప్పటికే ఉంది, దాన్ని పరీక్షలోనూ వాడవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

దశాంశాలు కూడా మీ కొట్టులోనే నేర్పండి. కిలో 84 రూపాయల పప్పు 0.75 కిలోలు ఎంత, 250 గ్రాముల పొట్లాలు ఒకటిన్నర కిలోకు ఎన్ని అని అడగండి. మార్కెట్లో దొరికే లావు పుస్తకాలు మూడు కొనే బదులు ఒక్క పుస్తకం, అయిదారు సంవత్సరాల పాత ప్రశ్నపత్రాలు చాలు.

చొప్పదండి_పూర్వ_విద్యార్థి

సమయం గురించి చిన్న తేడా చెబుతాను. చాలామంది ప్రశ్నపత్రంలో ఉన్న వరుసలోనే బొమ్మలతో మొదలుపెట్టి అక్కడే గంటన్నర గడిపేస్తారు. మూడు విభాగాలకు గంట, అరగంట, అరగంట అనుకోవాలి. దాగిన బొమ్మ దగ్గర ఎంతసేపు చూసినా కనబడకపోతే కళ్లు అలసిపోతాయి. రెండుసార్లు చూసి గుండ్రంగా గీత గీసి ముందుకు సాగిపోవాలి.

ముగ్గుల_అత్తయ్య

పరీక్ష పదకొండున్నరకు మొదలై ఒకటిన్నరకు ముగుస్తుంది. బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టే వేళ అది. మా మనవరాలు ఆకలికి చివరి అరగంట అక్షరాలు కనబడలేదంది. పొద్దున పదింటికి కడుపు నిండా పెట్టి పంపండి. ఇంట్లో రాయించే పేపర్లు కూడా రెండు వారాలకు ఒకసారైనా అదే వేళకు రాయించండి.

టెక్సాస్_గోదావరి

ఈ సలహా నేనూ రాసిపెట్టుకున్నాను.

పెద్దాపురం_అమ్మ

సీటు వచ్చాక సంగతి కూడా ఆలోచించుకోవాలి. మా వాడు మొదటి రెండు నెలలు ప్రతి ఆదివారం ఫోన్‌లో ఏడ్చేవాడు. బట్టలు ఉతుక్కోవడం, పక్క సర్దుకోవడం, పళ్లెం కడుక్కోవడం ఇంట్లోనే నేర్పి ఉంటే సగం దిగులు తగ్గేదని తర్వాత తెలిసింది. ఆడపిల్ల కాబట్టి మీకు ఖర్చు దిగులు అక్కర్లేదు. ఎనిమిది వరకు ఎవరికీ ఫీజు ఉండదు, తొమ్మిది నుంచి నెలకు 600 రూపాయల వికాస నిధి కట్టాలి కానీ ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు.

చొప్పదండి_పూర్వ_విద్యార్థి

తొమ్మిదో తరగతిలో కొందరిని ఒక ఏడాది పాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకు పంపుతారు, అక్కడి పిల్లలు మన దగ్గరికి వస్తారు. నేను వెళ్లాను. మొదటి రోజు రొట్టె ముందు కూర్చుని అన్నం కోసం వెతికాను, ఏడాది తిరిగేసరికి ఆ స్నేహితులను వదిలి రావడానికి ఏడ్చాను. ఇవన్నీ పాపకు ముందే కథలా చెప్పండి, రావాలో వద్దో ఆమె మనసు కూడా తెలుసుకోండి.

లెక్కల_పంతులమ్మ

దరఖాస్తు విషయంలో జాగ్రత్తలు. దరఖాస్తు ఉచితం, ఆన్‌లైన్‌లోనే చేయాలి. ప్రధానోపాధ్యాయుల సంతకంతో నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం అవసరం, దానిలో 3, 4, 5 తరగతుల వివరాలు ఉంటాయి. బీసీ వర్గాల వారు తమ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ రాష్ట్ర జాబితా లెక్కకు రాదు. పరీక్ష తేదీ ప్రతిసారీ ఒకలా ఉండదు. 2025 ప్రవేశాలకు జనవరి 18న పెట్టారు, ఆ తర్వాతి ఏడు నెల ముందుకు జరిపి డిసెంబరు 13న పెట్టారు. కాబట్టి సంక్రాంతి దాకా సమయం ఉందన్న ధీమా వద్దు, నవంబరు కల్లా సిద్ధంగా ఉండేలా చూసుకోండి.

సిరిసిల్ల_తండ్రి

అయిదు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. కోచింగ్‌లో చేర్పించలేదు. ఊరి బడి మాన్పించలేదు. సెలవు రోజుల్లో మధ్యాహ్నం గిరాకీ లేని వేళ కౌంటరు మీదే కాగితాలు మడుస్తున్నాం. కత్తిరించిన ముక్కలతో మా ఆవిడ దేవుడి గదికి తోరణం కట్టింది. అద్దం ఆటకు నా గడ్డం అద్దం పాపదే అయిపోయింది.

నిన్న పదకొండున్నరకు కూర్చోబెట్టి ఓఎంఆర్ మీద పూర్తి పేపరు రాయించాను. బొమ్మల్లో 40కి 27, లెక్కల్లో 17, భాషలో 16. వరుసలు ఎక్కడా తప్పలేదు. దాగిన బొమ్మల్లో మాత్రం నాలుగింటికి నాలుగూ పోయాయి. హెడ్‌మాస్టర్ గారు ధ్రువపత్రం మీద సంతకం చేసి, తరగతిలో మరో ముగ్గురు పిల్లలతో కూడా దరఖాస్తు చేయించారు. ఇప్పుడు ఆ ముగ్గురూ సాయంత్రం మా కొట్టు దగ్గరికే వస్తున్నారు, కాగితం మడతలు వాళ్లకు మా అమ్మాయే చెబుతోంది.

లెక్కల_పంతులమ్మ

13 నుంచి 27కు వచ్చిన పిల్లకు తెలివి గురించి ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. దాగిన బొమ్మలకు ఒక ఉపాయం ఉంది. చిన్న బొమ్మను పలచటి కాగితం మీద దించి, పెద్ద బొమ్మ మీద జరుపుతూ వెతకమనండి. దాన్ని తిప్పకూడదు, పరిమాణం మారకూడదు. నాలుగైదు రోజులయ్యాక కాగితం తీసేసి, చిన్న బొమ్మలో అన్నిటికంటే వింతగా ఉన్న ఒక్క మూలను పట్టుకుని అది పెద్ద బొమ్మలో ఎక్కడుందో వెతకమనండి. ఆ నలుగురు పిల్లల్లో ఎవరు ముందు పడతారో నాకు రాయండి.

సిరిసిల్ల_తండ్రి

పలచటి కాగితం మా కొట్లో ఉంది, మిఠాయిలు చుట్టేది. ఈ సాయంత్రం పిల్లలు రాగానే మొదలుపెడతాం.